గ్రీకుల ఆకాశంలో గోళాలు ఎందుకొచ్చాయి, అరిస్టార్కస్ మాట ఎందుకు చెల్లలేదు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే అరిస్టార్కస్ భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పాడు. అలాంటప్పుడు గ్రీకులు ఆయన్ను వదిలేసి, చుక్కలూ గ్రహాలూ గాజు గోళాలకు అతుక్కుని భూమి చుట్టూ తిరుగుతాయన్న కథను అన్ని వందల ఏళ్లు ఎందుకు పట్టుకు వేలాడారు? అరిస్టాటిల్ పేరుకు భయపడా? చివర్లో మన పాత ఖగోళ గ్రంథాలైన సిద్ధాంతాలకూ వాళ్లకూ ఏమైనా లింకు ఉందా అని కూడా అడిగారు.

చాలాకాలం డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ని. ఖగోళశాస్త్ర చరిత్ర సిలబస్‌లో లేకపోయినా నాకున్న పిచ్చి కొద్దీ క్లాసులోకి లాక్కొచ్చేవాణ్ని. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలను బట్టి చూస్తే అరిస్టార్కస్‌ను కాదన్నవాళ్ల వాదనే బలంగా ఉంది. గోళాల ఊహ కూడా ఆకాశాన్ని శ్రద్ధగా చూసినవాళ్లకు తట్టే ఊహే. వాళ్లు దెబ్బతిన్నది ఇంకో చోట, వృత్తం మీద మోజు దగ్గర.

కథ మిలీటస్‌లో మొదలవుతుంది, ఇప్పటి టర్కీ పశ్చిమ తీరంలో. భూమి నీళ్ల మీద తేలుతోందని ఆ ఊరి తత్వవేత్త థేలిస్ అన్నట్టు అరిస్టాటిల్ రాశాడు. రాసి ఊరుకోలేదు, మరి ఆ నీళ్లు దేని మీద నిలబడ్డాయని అడిగాడు. ఈ చిక్కు నుంచి బయటపడే దారి థేలిస్ ఊరివాడే అయిన అనాక్సిమాండర్ (సుమారు క్రీ.పూ. 610-546) అప్పటికే చూపించాడు. భూమి దేని మీదా ఆని లేదన్నాడు. అన్ని వైపులకూ సమదూరంలో ఉంది కాబట్టి ఫలానా పక్కకే పడిపోవడానికి కారణమేమీ లేదు, అందుకే ఉన్నచోటే ఉంది. ఆధారం అక్కర్లేదని చెప్పడానికి అంతకుముందు ఎవరికైనా ధైర్యం వచ్చిందేమో నాకైతే కనిపించలేదు.

ఆయన గీసిన మిగతా బొమ్మ వింటే నవ్వొస్తుంది. భూమి రాతి స్తంభంలోంచి కోసిన ముక్కలా ఉంటుంది, ఎత్తు వెడల్పులో మూడో వంతు. దాని చుట్టూ మంటతో నిండిన పెద్ద పెద్ద చక్రాలు. చక్రాన్ని చిక్కటి పొగమంచు కప్పేసి ఉంటుంది, అందులో ఒకచోట రంధ్రం. ఆ రంధ్రంలోంచి కనిపించే మంటే మనం అనుకునే సూర్యుడు. రంధ్రం మూసుకుంటే గ్రహణం. చుక్కలు అన్నిటికంటే దగ్గర, సూర్యుడు అన్నిటికంటే దూరం అని కూడా అన్నాడు. చంద్రుడు చుక్కలకు అడ్డొచ్చి వాటిని దాచేయడం ఒక్కసారి గమనించి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. అయినా ఈ బొమ్మలో రెండు గట్టి సంగతులున్నాయి. ఒకటి, చక్రాలు భూమి కిందుగా కూడా తిరుగుతాయి, అంటే కింద కూడా ఆకాశమే. రెండోది, సూర్యుడి చక్రం భూమికి 27 రెట్లు అని ఒక అంకె. ఆ అంకె ఎక్కణ్నుంచి తెచ్చాడో తెలిపే లెక్క ఏదీ మిగల్లేదు, కొలిచి మాత్రం చెప్పింది కాదు. కానీ ఆకాశానికి కొలత ఉంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది.

తర్వాతివాళ్లందరూ ముందుకే నడిచారనుకోకండి. అనాక్సిమినిస్ బల్లపరుపు భూమిని గాలి మీద తేల్చాడు. చుక్కలు కిందికి పోవని, తల మీద టోపీ తిప్పినట్టు మన చుట్టూనే తిరుగుతాయని అన్నాడు. హెరాక్లిటస్ సూర్యుడి వెడల్పు మనిషి పాదమంత అన్నాడు. జెనోఫెనీస్ లెక్కలో రోజుకో కొత్త సూర్యుడు. వీటి దగ్గర ఆగను.

అనాక్సగోరస్ దగ్గర మాత్రం ఆగాలి. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో ఏథెన్స్‌లో ఉంటూ, సూర్యుడు ఎర్రగా కాలిన రాయి అని, దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ ద్వీపకల్పం కంటే పెద్దదని చెప్పాడు. చంద్రుడిది అరువు వెలుగేనని, గ్రహణాలు నీడల వల్లేనని వివరించాడు. దైవద్రోహం నేరం మోపితే ఏథెన్స్ వదిలి లాంప్సకస్ చేరాడు. ఇది గుర్తుపెట్టుకోండి, అరిస్టార్కస్ దగ్గర పనికొస్తుంది.

భూమి కదలదన్న మాటను గ్రీకులందరూ ఒప్పుకున్నారనడం కూడా నిజం కాదు. పైథాగరస్ సంప్రదాయానికి చెందిన ఫిలోలాస్ విశ్వం మధ్యలో ఒక మంటను పెట్టి, సూర్యుడితో సహా అన్నిటినీ దాని చుట్టూ తిప్పాడు, భూమిని కూడా. మనకు కనిపించని ఇంకో భూమిని కూడా కల్పించాడు. పది అనే సంఖ్య వాళ్లకు పవిత్రం కాబట్టి లెక్క పది చేయడానికే ఆ రెండో భూమిని తెచ్చారని అరిస్టాటిల్ ఎద్దేవా చేశాడు. ఇలాంటి చోట్ల ఆయనతో నేను ఏకీభవిస్తాను.

ఇక భూమి గుండ్రన. ఇది గ్రీకులకు తెలియదని, కొలంబస్ కనిపెట్టాడని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ దీనికి కళ్లతో చూడగలిగే రుజువులు ఇచ్చాడు. చంద్రగ్రహణం రోజు చంద్రుడి మీద పడే నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుంది. ఉత్తరానికో దక్షిణానికో కొద్ది దూరం ప్రయాణిస్తే చాలు, కనిపించే చుక్కలు మారిపోతాయి. ఈజిప్టు, సైప్రస్‌లలో కనిపించే కొన్ని చుక్కలు ఉత్తరాన కనిపించవన్నాడు. కొద్ది దూరానికే ఇంత తేడా వస్తోందంటే భూమి గుండ్రంగా ఉండటమే కాదు, మరీ పెద్దది కూడా కాదని తేల్చాడు.

ఆయన చుక్కల పేర్లు చెప్పలేదు గానీ మనకు చేతికందే ఉదాహరణ అగస్త్య నక్షత్రం. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు హైదరాబాద్‌లో దక్షిణం వైపు చూడండి. లుబ్ధకుడికి (సిరియస్) బాగా కిందుగా, నేల నుంచి 20 డిగ్రీల ఎత్తులో ఒంటరిగా మెరుస్తుంటుంది. ఢిల్లీలో దాని ఎత్తు తొమ్మిది డిగ్రీలు దాటదు. ఈజిప్టు తీరంలోని అలెగ్జాండ్రియాలో ఆరు. గ్రీసుకు తూర్పున ఉన్న రోడ్స్ ద్వీపంలో నేలను తాకీ తాకనట్టు ఒక డిగ్రీ. ఏథెన్స్‌లో అసలు ఉదయించదు. భూమి బల్లపరుపుగా ఉంటే ఒక ఊళ్లో బాగా పైకి వచ్చే చుక్క ఇంకో ఊళ్లో పూర్తిగా మాయమైపోవడానికి దారే లేదు. తర్వాతి కాలంలో పొసిడోనియస్ సరిగ్గా ఈ చుక్కనే, రోడ్స్, అలెగ్జాండ్రియాలనే తీసుకుని భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. అంతకుముందే ఎరటోస్తనీస్ మధ్యాహ్నపు నీడలతో అదే పని చేశాడని మీరు బడిలో చదివే ఉంటారు.

ఇప్పుడు గోళాలు. ఏ చీకటి ఊళ్లోనైనా డాబా మీద పడుకుని రెండు మూడు గంటలు చూస్తే చుక్కలు ఒకదానితో ఒకటి దూరం మార్చుకోకుండా, మొత్తం ఆకాశం ఒకే ముక్కలా తిరుగుతుందని తెలుస్తుంది. వేల చుక్కలు వేటి దారిన అవి తిరుగుతూ కూడా ఒక్క వెంట్రుకవాసి తేడా రాకుండా ఉండటం కంటే, అన్నీ ఒకే గోళానికి అతుక్కుని ఆ గోళమే తిరుగుతోందనుకోవడం సులువు. ఇందులో మూఢత్వం ఏముంది చెప్పండి?

చిక్కంతా గ్రహాలతోనే వచ్చింది. కుజుణ్ని చూడండి. నెలల తరబడి చుక్కల మధ్య తూర్పుకు జరుగుతూ ఉంటాడు, ఒకచోట ఆగుతాడు, వెనక్కి నడుస్తాడు, మళ్లీ ఆగి ముందుకు వెళ్తాడు. మన పంచాంగంలో వక్రించాడని రాసేది దీన్నే. 26 నెలలకోసారి ఇలా జరుగుతుంది. 2025 జనవరిలో పునర్వసు చుక్కల దగ్గర ఈ వెనకడుగు చూసినవాళ్లు ఇక్కడ కూడా ఉండే ఉంటారు. చూడలేకపోతే 2027 ఫిబ్రవరిలో సింహరాశి వైపు చూస్తే సరి.

ఏయే సమవేగపు వృత్తచలనాలను కలిపితే ఈ వంకర నడకలు వస్తాయో చెప్పండని ప్లేటో గణితజ్ఞులకు సవాలు విసిరాడని సింప్లీసియస్ రాశాడు. ఈయన క్రీ.శ. ఆరో శతాబ్దం వాడు, అంటే ప్లేటోకు దాదాపు 900 ఏళ్ల తర్వాత. ప్లేటో ఆ మాటలే అన్నాడని నేను పందెం కాయను. కానీ పట్టుదల మాత్రం ప్లేటోదే: ఆకాశంలోవి దివ్యమైనవి, దివ్యమైనదానికి మొదలూ చివరా లేని వృత్తమే తగిన నడక, అదీ ఒకే వేగంతో. ఈ షరతు కొలతల్లోంచి రాలేదు, తత్వంలోంచి వచ్చింది. తర్వాత రెండు వేల ఏళ్లు దీన్ని ప్రశ్నించినవాళ్లు చాలా తక్కువ.

సవాలుకు మొదటి జవాబు చెప్పింది క్నిడస్ ఊరివాడైన యుడోక్సస్ (సుమారు క్రీ.పూ. 390-340). ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క, కాస్త నిదానంగా చెబుతాను.

ఒక బంతి తీసుకుని దాని నడుం మీద ఒక చుక్క పెట్టండి. అదే గ్రహం. బంతి తిరిగితే చుక్క వృత్తంలో తిరుగుతుంది. ఆ బంతిని ఇంకో పెద్ద బంతి లోపల పెట్టి, లోపలి బంతి ఇరుసు చివర్లను పెద్ద బంతి గోడకు తగిలించండి. ఇప్పుడు పెద్దది కుడికి, చిన్నది ఎడమకు, రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నాయి. రెండు ఇరుసులూ ఒకే గీత మీద ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చుక్క కదలదు. లోపలి ఇరుసును కొద్దిగా వంచండి. ఇప్పుడు పూర్తిగా కొట్టేసుకోలేవు, కొంచెం కదలిక మిగిలిపోతుంది. ఆ మిగిలిన కదలిక ఆకారం ఏమిటంటే సన్నటి ఇంగ్లిష్ ఎనిమిది అంకె, అడ్డంగా పడుకోబెట్టినట్టు. చుక్క ఆ ఎనిమిది మీద ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది.

ఈ రెండు బంతుల జతను రాశిచక్రం వెంట నెమ్మదిగా జరిగే మూడో గోళంలో పెట్టండి. శని అయితే దాదాపు 30 ఏళ్లకు ఒక చుట్టు. ఎనిమిది మీద చుక్క ముందుకు పోతున్నప్పుడు గ్రహం వేగంగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది. ఎనిమిది మీద వెనక్కి పోయే వేగం మూడో గోళం లాగే వేగాన్ని మించినప్పుడు గ్రహం వక్రిస్తుంది. దీనంతటినీ రోజుకోసారి తిప్పే నాలుగో గోళం బయట. అంతే, ఎక్కడా ఆగడమూ లేదు, వెనక్కి తిరగడమూ లేదు. అన్నీ సమవేగంతో తిరిగే గోళాలే, కానీ ఫలితం తప్పటడుగులు! గ్రహాలు అయిదింటికి నాలుగేసి, సూర్యచంద్రులకు మూడేసి, చుక్కలకు ఒకటి, మొత్తం 27 గోళాలు. రాసుకోవడానికి బీజగణితం కూడా లేని రోజుల్లో దీన్ని బుర్రలో తిప్పి చూసినవాడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడం నాకు ఎప్పుడూ బాధే.

యుడోక్సస్ సొంత పుస్తకం మిగల్లేదు. అరిస్టాటిల్ ఒక అధ్యాయంలో చెప్పిన నాలుగు మాటలు, సింప్లీసియస్ వ్యాఖ్యానం పట్టుకుని 19వ శతాబ్దంలో ఇటలీ ఖగోళవేత్త షియపరెల్లి పైన చెప్పిన బొమ్మను తిరిగి కట్టాడు. కుజుడి మీద కాలువలు చూశానన్నది కూడా ఈయనే. ఆ కాలువలు లేవని తేలింది గానీ యుడోక్సస్ ఎనిమిది మాత్రం నిలబడింది.

మీరన్న గాజు సంగతి. అరిస్టాటిల్ తన గోళాలు గాజువనో స్ఫటికానివో అనలేదు. చుక్కలు స్ఫటికం లాంటిదానికి మేకుల్లా దిగేసి ఉన్నాయన్న మాట పాతవాళ్ల పేరుతో తర్వాతి సంకలనాల్లో ఉంది. అరిస్టాటిల్‌ది ఈథర్ అనే అయిదో పదార్థం: బరువు లేదు, తేలిక లేదు, మార్పు లేదు, గుండ్రంగా తిరగడమే దాని స్వభావం. ఆయన చేసిన అసలు పని వేరే ఉంది. యుడోక్సస్‌కు గోళాలు లెక్క కోసం పెట్టుకున్న బొమ్మలే కావచ్చు. అరిస్టాటిల్‌కు అవి నిజం వస్తువులు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నవి. అలాంటప్పుడు శని గోళాల వంకర నడక కింద ఉన్న గురుడి గోళాలకు అంటుకుంటుంది కదా? దాన్ని రద్దు చేయడానికి మధ్యలో ఉల్టా తిరిగే గోళాలు పెట్టాడు. అప్పటికి యుడోక్సస్ తర్వాతి తరం ఖగోళవేత్త కల్లిప్పస్ సవరణలతో పెరిగిన లెక్క మీద ఇవి 22 చేరి మొత్తం 55 అయ్యాయి. ఇంత చెప్పి, ఇది సంభావ్యం అనుకుందాం, తప్పనిసరి అని చెప్పే పని నాకంటే సమర్థులకు వదిలేస్తున్నానని రాశాడు. ఆయన్ను తిరుగులేని నియంతలా చూపించేవాళ్లు ఈ వాక్యం దాకా చదవరు.

పైగా అరిస్టాటిల్ గోళాలను కాదన్నవాళ్లు గ్రీకులే. యుడోక్సస్ పద్ధతిలో ప్రతి గ్రహమూ భూమికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉండాలి, ఎందుకంటే గోళాలన్నిటికీ కేంద్రం భూమే. ఆకాశం అలా చెప్పడం లేదు. వక్రించే రోజుల్లో కుజుడు మామూలు కంటే పది పదిహేను రెట్లు ఎక్కువగా వెలుగుతాడు. శుక్రుడి వెలుగూ మారుతుంది. సూర్యగ్రహణాల్లో చంద్రుడు ఒక్కోసారి సూర్యుణ్ని పూర్తిగా కప్పేస్తాడు, 1995 అక్టోబరు 24న ఉత్తర భారతంలో కనిపించినట్టు. ఒక్కోసారి చాలక చుట్టూ ఉంగరం మిగులుతుంది, 2019 డిసెంబరు 26న కేరళ, తమిళనాడుల్లో కనిపించినట్టు. దూరం మారకుండా ఇది ఎలా కుదురుతుంది? ఈ అభ్యంతరాలన్నీ గ్రీకులే రాసిపెట్టారు. వెలుగు సంగతి యుడోక్సస్ తర్వాతి తరంలోనే తెలిసిపోయింది.

ఇంకొకటి మీరే క్యాలెండర్ తీసి లెక్కపెట్టొచ్చు. మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 వరకు 186 రోజులు. అక్కణ్నుంచి మళ్లీ మార్చి 21 దాకా 179. సూర్యుడు ఒకే వేగంతో మన చుట్టూ తిరుగుతుంటే సగం దారికి ఏడు రోజుల తేడా ఎందుకు? రుతువుల పొడవు సమానం కాదని గ్రీకులు క్రీ.పూ. అయిదో శతాబ్దంలోనే గుర్తించారు. యుడోక్సస్ దీన్ని పట్టించుకోలేదు. కల్లిప్పస్ పట్టించుకుని సూర్యుడికి ఇంకో రెండు గోళాలు తగిలించాడు.

సరే, అరిస్టార్కస్ దగ్గరికి వద్దాం. సామోస్ ద్వీపంవాడు, సుమారు క్రీ.పూ. 310-230. ఆయన రాసినవాటిలో మిగిలింది ఒకటే, సూర్యచంద్రుల పరిమాణాలు, దూరాల గురించి. విచిత్రం ఏమిటంటే అందులో భూమి తిరగడం ఊసే లేదు. పద్ధతి మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. చంద్రుడు సరిగ్గా సగం వెలిగిన క్షణంలో భూమి, చంద్రుడు, సూర్యుడు కలిసి చంద్రుడి దగ్గర లంబకోణం చేస్తాయి. ఆ క్షణంలో మన దగ్గర నుంచి సూర్యచంద్రుల మధ్య కోణం తెలిస్తే త్రిభుజం మొత్తం తెలిసినట్టే. ఆయన 87 డిగ్రీలు తీసుకున్నాడు. దాంతో సూర్యుడు చంద్రుడి కంటే 18 నుంచి 20 రెట్లు దూరం అని వచ్చింది. అసలు కోణం 89 డిగ్రీల 51 నిమిషాలు, అసలు దూరం దాదాపు 390 రెట్లు. మూడు డిగ్రీల కంటే తక్కువ తేడాకు జవాబు ఇరవై రెట్లు మారిపోయింది! చంద్రుడు సరిగ్గా సగం అయ్యింది ఈ క్షణంలోనే అని కంటితో గంట తేడాలో చెప్పడం కూడా కష్టం, సందేహముంటే ఈసారి అష్టమి నాడు ప్రయత్నించి చూడండి. కాబట్టి తప్పు పద్ధతిలో లేదు, కంటిలో ఉంది.

తప్పు అంకెతోనే ఆయనకు సూర్యుడి అడ్డకొలత భూమికి ఆరేడు రెట్లు అని వచ్చింది. అంటే పరిమాణంలో కొన్ని వందల రెట్లు. అంత పెద్దది ఇంత చిన్నదాని చుట్టూ తిరగడం ఏమిటన్న ఆలోచన ఇక్కడే పుట్టి ఉంటుందని నా ఊహ.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న ఆయన ప్రతిపాదన మనకు ఆర్కిమిడీస్ వల్ల తెలిసింది. విశ్వాన్ని ఇసుక రేణువులతో నింపితే ఎన్ని పడతాయో లెక్కగడుతూ, సిరక్యూస్ రాజు గెలాన్‌కు రాసిన పుస్తకంలో దాన్ని ప్రస్తావించాడు. పెద్ద విశ్వం కావాలి కాబట్టి అరిస్టార్కస్ విశ్వాన్ని ఎంచుకున్నాడు. ఎందుకు పెద్దదో అర్థమైతే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

చేయి చాచి బొటనవేలు పైకి పెట్టి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు వెనక ఉన్న గోడ మీద పక్కకు జరుగుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే ఆరు నెలల తేడాలో మనం ఆ పెద్ద వృత్తానికి ఈ చివర, ఆ చివర ఉంటాం. అప్పుడు చుక్కలు కూడా ఒకదానితో ఒకటి పోలిస్తే కాస్త జరిగినట్టు కనిపించాలి. దీన్నే పారలాక్స్ అంటాం. గ్రీకులకు అలా జరగడం ఎప్పుడూ కనిపించలేదు. అప్పుడు రెండే దారులు: భూమి కదలడం లేదు, లేదా చుక్కలు ఊహకు అందనంత దూరంలో ఉన్నాయి. అరిస్టార్కస్ రెండోది ఎంచుకున్నాడు. భూమి తిరిగే దారి మొత్తం చుక్కల గోళం ముందు ఒక బిందువులాంటిదన్నాడు. అది నిజం. కానీ ఆ రోజున అది సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి చెప్పిన సాకులాగే వినిపిస్తుంది, ఎందుకంటే దాన్ని నిరూపించే మార్గం ఎవరి దగ్గరా లేదు. జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 1838లో ఒక చుక్క పారలాక్స్‌ను మొదటిసారి నమ్మదగ్గట్టు కొలిచాడు. అది ఒక డిగ్రీలో పదివేలో వంతు కంటే తక్కువ. కంటితో చూసేవాళ్లకు అది దొరకదు.

దీనికి తోడు పైకి విసిరిన రాయి చేతిలోనే ఎందుకు పడుతుంది, మేఘాలు వెనకబడవేం అన్న ప్రశ్నలు. జడత్వం అన్న భావన లేనప్పుడు వీటికి సమాధానం లేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత అలెగ్జాండ్రియా ఖగోళవేత్త టాలమీ కూడా ఇదే అన్నాడు: ఆకాశంలో కనిపించేవాటిని మాత్రమే చూస్తే భూమి తన చుట్టూ తాను తిరుగుతోందనడం సులువే, నేల మీద జరిగేవి చూస్తేనే అది కుదరదు. ఇంకో సంగతి మరచిపోతాం. సూర్యుణ్ని మధ్యలో పెట్టి గ్రహాలను మామూలు వృత్తాల్లో తిప్పితే వక్రగతికి కారణం అందంగా దొరుకుతుంది గానీ ఫలానా రోజు ఫలానా చోట గ్రహం ఉంటుందన్న జోస్యం ఏమీ మెరుగుపడదు. పంచాంగం కట్టేవాడికి అరిస్టార్కస్ వల్ల ఒరిగేదేం లేదు.

మరి దైవద్రోహం కేసు? స్టోయిక్ తత్వవేత్త క్లియాంథిస్, అరిస్టార్కస్ మీద కేసు పెట్టాలన్నాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక సంభాషణలో రాశాడు. అక్కడ ఆ మాట వచ్చేది సరదా ధోరణిలో. కేసు పెట్టినట్టు, శిక్ష పడినట్టు ఎక్కడా ఆధారం లేదు. నిజంగా ఇబ్బంది పడింది అనాక్సగోరస్. ఈ ఇద్దరి కథలనూ కలిపేసి, మీద గెలీలియోను అతికించి అరిస్టార్కస్‌ను అమరవీరుణ్ని చేసేశారు ఇంటర్నెట్‌లో.

గోళాలు కుదరక, సూర్యకేంద్రం నిలబడక, గ్రీకులు మూడో దారి పట్టారు. పెర్గా ఊరి గణితజ్ఞుడు అపోలోనియస్ క్రీ.పూ. 200 ప్రాంతంలో పెద్ద వృత్తం మీద చిన్న వృత్తం తిప్పితే ఏమవుతుందో లెక్కగట్టాడు. చిన్న వృత్తంలో గ్రహం లోపలి వైపుకు వచ్చినప్పుడు వెనక్కి నడుస్తుంది, అప్పుడే మనకు దగ్గరగానూ ఉంటుంది. కుజుడు వక్రించినప్పుడే ఎందుకు వెలుగుతాడో ఒక్క దెబ్బకు తేలిపోయింది. సూర్యుడి ఏడు రోజుల తేడాకు ఖగోళవేత్త హిప్పార్కస్ వృత్తం కేంద్రాన్నే భూమి నుంచి కాస్త పక్కకు జరిపాడు, వ్యాసార్ధంలో 24వ వంతు. భూమి విశ్వానికి నడిమధ్యలో ఉండాలన్న తత్వం అక్కడ నిశ్శబ్దంగా పక్కకు తప్పుకుంది.

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలమీ వీటన్నిటినీ పట్టికలతో సహా ఒక పుస్తకంలో కట్టాడు. లెక్క తేలకపోతే వృత్తం కేంద్రంలో కాకుండా ఇంకో బిందువు నుంచి చూస్తేనే వేగం సమానంగా కనిపించేట్టు పెట్టాడు. ప్లేటో షరతుకు ఇది చాటుగా తూట్లు పొడవడమే. దీని మీద తర్వాత అరబ్ ఖగోళవేత్తలూ కోపర్నికస్ కూడా చిరాకు పడ్డారు. కానీ కొలతలకు సరిపోయింది, కారణం కెప్లర్ 1609లో దీర్ఘవృత్తాలు తెచ్చినప్పుడు గానీ బయటపడలేదు. టాలమీకి మాత్రం ఒక చోట నేను మార్కులు కోస్తాను. ఆయన చంద్రుడి లెక్క ప్రకారం చంద్రుడి దూరం నెలలో దాదాపు సగానికి తగ్గాలి, అంటే ఒక్కో రాత్రి రెట్టింపు సైజులో కనిపించాలి. తల పైకెత్తి చూస్తే అబద్ధమని తెలిసే సంగతి. స్థానాలు సరిగ్గా వస్తున్నాయని దాని గురించి ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఈ వృత్తాలను మందపాటి గోళాల్లో బిగించి, ఉల్లిపొరల్లా ఖాళీ లేకుండా పేర్చి విశ్వం సైజు కూడా తేల్చాడు: చుక్కల గోళం భూమి వ్యాసార్ధానికి 20,000 రెట్ల దూరం. నిజానికి మన సూర్యుడి దూరమే 23,500 రెట్లు. టాలమీ విశ్వం మొత్తం మనకూ సూర్యుడికీ మధ్య ఉన్న దూరంలో పట్టేస్తుంది.

మీ చివరి ప్రశ్న, మనతో లింకు. ఉంది, కానీ అంతా అరువేననేవాళ్లూ, అసలేమీ లేదనేవాళ్లూ ఇద్దరూ అతి చేస్తున్నారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తన పంచసిద్ధాంతికలో సారాంశం ఇచ్చిన అయిదింటిలో రోమక, పౌలిశ సిద్ధాంతాలున్నాయి, వీటి మూలం పడమటి వైపేనని చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. గ్రహాల నడకను సరిచేయడానికి మనవాళ్లు వాడిన మంద, శీఘ్ర వృత్తాలు కూడా టాలమీ కంటే ముందటి గ్రీకు పద్ధతులకు దగ్గరగా ఉన్నాయని వాళ్ల అభిప్రాయం. కానీ తెచ్చుకున్నదాన్ని తెచ్చుకున్నట్టు ఉంచలేదు. గ్రీకులు పూర్తి జ్యాతో (వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీతతో) లెక్క వేస్తే మనవాళ్లు అర్ధజ్యా తీసుకున్నారు, ఇప్పుడు మనం వాడే సైన్ అదే. ఆర్యభటుడు 499లో భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని, పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు చుక్కలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని అన్నాడు. బ్రహ్మగుప్తుడు ఒప్పుకోలేదు.

అన్నిటికంటే గట్టిగా మిగిలిన గుర్తు మాత్రం వారాల వరస. ఆ కాలపు గ్రీకు లెక్కలో దూరం నుంచి దగ్గరకు గ్రహాల క్రమం శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. గంటకొక గ్రహం చొప్పున ఇదే క్రమంలో అధిపతులుగా పెట్టండి. శనివారం సూర్యోదయపు మొదటి హోర, అంటే మొదటి గంట, శనిది. ఎనిమిదో హోర, పదిహేనో హోర, ఇరవై రెండో హోర కూడా శనివే. ఇరవై మూడోది గురుడిది, ఇరవై నాలుగోది కుజుడిది. మర్నాడు పొద్దున మొదటి హోర రవిది, కాబట్టి ఆదివారం. అక్కణ్నుంచి మళ్లీ 24 లెక్కపెడితే చంద్రుడు వస్తాడు, సోమవారం. ఇంట్లో పంచాంగం ఉంటే హోరల పట్టిక పేజీ తీసి మిగతా అయిదు రోజులూ మీరే సరిచూసుకోవచ్చు. పక్కనే క్రమం మార్చి, ప్లేటో పెట్టినట్టు రవిని చంద్రుడి తర్వాత పెట్టి కూడా ఒకసారి లెక్కవేయండి, వారాలు ఈ వరసలో రావు.